సున్నపు తేట: కామాటిపుర చరిత్రలో విడిచిన యొక పుట

కామాటిపురమును గూర్చి వ్రాయువారు సాధారణముగా మూడు విషయములు చెప్పి ముగింతురు. మనవారు నిజాము రాష్ట్రమునుండి వలసవచ్చిన వృత్తాంతము మొదటిది. వారు కట్టిన మేడల పట్టిక రెండవది. పేటకు వచ్చిన చెడ్డపేరు మూడవది. ఆ మేడల రాతిని గూర్చి చెప్పుదురు, టేకు దూలములను గూర్చి చెప్పుదురు. రాతిని రాతితో అతికిన సున్నమును మాత్రము తలచినవారు నాకు కనబడలేదు. ఈ వ్యాసము ఆ సున్నమును గూర్చినది. గోడదగ్గర మొదలై యిది సముద్రపు జీవులను పెంచు గాజుతొట్టి దగ్గరకు పోవును. ఈ రెండింటికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. కారణము నా తప్పిదమే కాబట్టి దానిని ముందుగా చెప్పుకొనుట మంచిది.

నాగ్‌పాడాకు దగ్గరనే యున్న మా చాళులో మా బంధువుల కుర్రవాడొకడు తన ఖోలీలో నూరు లీటర్లు పట్టు గాజుతొట్టి పెట్టుకొని సముద్రపు చేపలను పెంచుచున్నాడు. అడుగున రాళ్లు, రాళ్లపై గులాబివన్నె సున్నపు నాచు. పగడపు దిబ్బకు అది చిన్న నమూనా యని అతడు చెప్పును. నీళ్లలో కాల్షియము తగ్గిపోవుచున్నదనియు, తెల్లవారునప్పటికి పి.హెచ్. పడిపోవుచున్నదనియు, నాచు తెల్లబారుచున్నదనియు, దానికొక విదేశపు పొడి తెప్పించవలెననియు చెప్పి, ఒకనాడు నాకొక డబ్బా బొమ్మ చూపెను. పొడి పేరు కాల్క్‌వాసర్. క్రింద చిన్న అక్షరములలో కాల్షియము హైడ్రాక్సైడు అని యున్నది. నాకు నవ్వు వచ్చినది. "పెద్దనాయినా, నవ్వుతవేంది?" అని వాడడిగెను. మా తాతగారు తాపీమేస్త్రి. మా యింట సున్నపు కుండ లేని దినమును చిన్ననాట నేనెరుగను. మన యింటి విద్యకు విదేశపు డబ్బా యేల యని, బజారు సున్నము తెప్పించి, చెంబెడు నీళ్లలో కలిపి, నా చేతితోనే తొట్టిలో పోసితిని. నీళ్లు పాలవలె తెల్లబడెను. గంట గడవకముందే చేపలు మూడును పైకి తేలెను. కుర్రవాడు నన్నొక్కమాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిది.

పిదప చదువుకొంటిని. సున్నము మనదే, అందు సందేహము లేదు. కొలత మాత్రము నేనెరుగనిది.

మొదట పదార్థమును గూర్చి కొంత చెప్పవలెను. సున్నపురాయి, ఆల్చిప్ప, నత్తగుల్ల, పగడపు ఎముక, ఇవి యన్నియు ముఖ్యముగా ఒక్కటే వస్తువు, కాల్షియము కార్బొనేటు. మన చాళుల నేలలపై పరచిన షాబాదు బండయు అదియే. దానిని బట్టీలో కాల్చినచో బొగ్గుపులుసు గాలి వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. దానిపై నీళ్లు చల్లినచో బుస్సున పొంగి, వేడెక్కి, విరిసి పొడియగును. ఈ విరిసిన సున్నమే డబ్బామీది కాల్షియము హైడ్రాక్సైడు. గోడలో పెట్టిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా తిరిగి పీల్చుకొని మరల రాయి యగును. ఈ సంగతిని స్కాట్లండు దేశీయుడైన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించిన ప్రయోగములతో నిరూపించెను. సున్నపు తేటలోనికి నోటితో గాలి ఊదినచో తేట పాలవలె తెల్లబడును. పాఠశాలలో మనమందరము చేసిన ప్రయోగమే యిది. నేను తొట్టిలో చేసినదియు ఇంచుమించు ఇదియే, జీవులున్న నీటిలో చేసితిని.

మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నవో చూడుడు. రాతిని కాల్చి తీసినది రాతిసున్నము, గుల్లలను కాల్చి తీసినది గుల్లసున్నము. ఇసుకయు సుర్కీయు కలిపి ఎద్దులతో త్రిప్పి నూరునది గానుగ. నేలకు, నీటితొట్లకు వేయునది గచ్చు. గోడకు పూయునది గార. కుండ అడుగున సున్నము దిగినపిదప పైన నిలుచు నిర్మలమైన నీరు తేట. గచ్చులో బెల్లపునీళ్లు, కరక్కాయ నీళ్లు కలుపు ఆచారము దక్షిణదేశమంతట నుండెను. పులికాటు సరస్సు, కాకినాడ సముద్రపు కయ్య, గుల్లలకు పేరుపొందిన చోట్లు. తెలంగాణపు లోతట్టు జిల్లాలవారు ఎక్కువగా రాతిసున్నము వాడిరి. తేట వైద్యమునకును పనికివచ్చెడిది. కొబ్బరినూనెతో కలిపి కాలిన పుండ్లపై పూయుట మా నాయనమ్మ చేయగా నేను చూచినదే.

పగడము కూడ మనకు కొత్త వస్తువు కాదు. కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనములో సుంకము విధింపబడిన సరకులలో ముత్యములతోపాటు పగడములును కలవు. అయితే అవి నగలకు వాడు ఎర్రపగడములు. దిబ్బలు కట్టు తెల్లపగడముల జాతి వేరు. ఆంధ్రతీరమున అట్టి దిబ్బలు లేవు. గోదావరీ కృష్ణలు తెచ్చి పోయు మంచినీరు, ఒండ్రుమట్టి వానికి గిట్టవు. మన పూర్వులు పగడపు తీగ యనిరి. ఐరోపావారును చాలకాలము దానిని మొక్కయనియే తలచిరి. 18వ శతాబ్దమున పెయ్సోనెల్ అను ఫ్రెంచి వైద్యుడు అది జంతువని చెప్పినప్పుడు పండితులు నమ్మలేదు.

ఇక బొంబాయికి వత్తము. మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ నున్న పెద్దగండిగుండా ఆటుపోటులు లోపలికి వచ్చి నగర మధ్యభాగమును చిత్తడిగా చేయుచుండెను. గవర్నరు హార్న్‌బీ పేరుతో ప్రసిద్ధమైన కట్ట 1784 ప్రాంతమున పూర్తియైన తరువాత ఆ గండి మూసికొనిపోయి, లోపలి పల్లపు నేలలు క్రమముగా ఆరినవి. ఆ ఆరిన నేలలలో ఒకదానిపై, 18వ శతాబ్దపు చివరి సంవత్సరములనుండి, నిజాము రాజ్యపు తెలుగు కూలీలు, పనివారు గుడిసెలు వేసికొనిరి. కామాటి యనగా మట్టిపని, కూలిపని చేయువాడు. అతని వృత్తియే పేటకు పేరైనది. సముద్రమునుండి లాగికొన్న నేలపై సముద్రము నెరుగని జనము వచ్చి నిలిచినదన్నమాట.

19వ శతాబ్దమంతయు ఈ నగరము సున్నముతోనే లేచినది. హార్బరు రైలుమార్గముపై చూనాభట్టి యను స్టేషను నేటికిని కలదు. ఆ పేరునకు సున్నపు బట్టీ యనియే అర్థము. దినమును ఆ మార్గమున ప్రయాణము చేయు మనవారిలో ఎందరు ఆ పేరును విప్పిచూచిరో చెప్పలేను. ఇండ్లకట్టు పనులలో కామాటీలు ప్రవీణులని ప్రభుత్వ గ్రంథములే చెప్పినవి. కూలీలనుండి మేస్త్రులు, మేస్త్రులనుండి కాంట్రాక్టర్లు బయలుదేరిరి. వారిలో జాయా కరాడీ లింగు, రామయ్య వ్యంకయ్య అయ్యవారు మొదలగువారు జ్యోతీరావు ఫూలేకు అండగా నిలిచి, ఆయన 1873లో పూనాలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో బలము చేకూర్చిరి. ఫూలే తానును నిర్మాణపు కాంట్రాక్టులు చేసిన మనిషియే. ఈ స్నేహమును గూర్చి వేరొకచోట విపులముగా వ్రాయదగును.

మన చేతివిద్యను మాత్రము సిమెంటు మ్రింగివేసినది. 1914లో పోరుబందరు కర్మాగారము పని ప్రారంభించిన తరువాత రెండు మూడు తరములలో గానుగలు మాయమైనవి. సిమెంటు ఒక్కపూటలో గట్టిపడును, సున్నమునకు నెలలు కావలెను. కాంట్రాక్టరు దేనిని కోరునో వేరుగా చెప్పనక్కరలేదు. మా తాతగారు సున్నమును వ్రేళ్లనడుమ నలిపి, నాలుకకొన తాకించి, మంచిదో కాదో చెప్పెడివారు. మా తండ్రిగారు బస్తాపైని ముద్ర చూచి చెప్పిరి. నేను ఏదియు చెప్పలేను.

సున్నము గోడను విడిచి గాజుతొట్టిలోనికి ఎట్లు చేరినదో యిపుడు చూతము. సముద్రజీవులను అద్దముల వెనుక పెంచి జనులకు చూపు శాల మొదట లండను జంతుప్రదర్శనశాలలో 1853లో తెరువబడినది. దానికి తోడ్పడిన ఫిలిప్ గాస్ మరుసటి సంవత్సరముననే ఉప్పులు కలిపి కృత్రిమముగా సముద్రజలము చేయు విధమును ప్రకటించెను. మద్రాసు సముద్రతీరమున 1909లో అట్టి శాల ఏర్పడెను. నీటి ఆమ్లక్షార బలమును కొలుచు పి.హెచ్. అను మానమును డెన్మార్కు రసాయనవేత్త సోరెన్‌సెన్ ప్రతిపాదించినదియు ఆ 1909వ సంవత్సరముననే. ఇది కేవలము కాకతాళీయము. అయినను చరిత్ర వ్రాయువానికి ఇట్టివి సంతోషము కలిగించును. బొంబాయిలో మెరైన్ డ్రైవు మీద తారాపోర్‌వాలా అక్వేరియమును 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. కామాటిపురమునుండి నడచి పోదగిన దూరమే. నేను మొదటిసారి అచ్చటికి మా తాతగారి భుజములపై పోయితిని.

చేపలను బ్రతికించుట ఒక యెత్తు, పగడములను బ్రతికించుట మరియొక యెత్తు. జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ జీవముతో నిండిన సముద్రపు రాళ్లను తొట్టిలో పెట్టి, గాలిబుడగలు మాత్రము పంపి పగడములను పెంచిన విధమును 1961లో ప్రకటించెను. అయితే ఎముక కట్టు పగడము నీటిలోని కాల్షియమును నిత్యము తినివేయును. సముద్రమున కొరత లేదు, నూరు లీటర్ల తొట్టిలో వెంటనే కొరత కలుగును. జర్మను భాషలో వ్రాసిన పీటర్ విల్కెన్స్ దీనికి సున్నపు తేటను మార్గముగా 1970 దశకమున ప్రచారము చేసెను. కాల్క్‌వాసర్ అనగా జర్మను భాషలో సున్నపు నీరు. అంతకంటె వేరు రహస్యము లేదు.

ఇందలి లెక్క నాకు మిక్కిలి రుచించినది కాబట్టి కొంత విస్తరించి చెప్పెదను. సహజమైన సముద్రజలమున లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియము, 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియము ఉండును. పి.హెచ్. సుమారు 8.1. తొట్టిలో కాల్షియమును 400 నుండి 450 వరకు, పి.హెచ్.ను 8.0 నుండి 8.4 వరకు నిలుపుదురు. ఇవి రెండును చాలవు. క్షారత యని మూడవది కలదు. బొగ్గుపులుసు గాలి పి.హెచ్.ను క్రిందికి లాగునపుడు ఎదురునిలుచు బలము క్షారతయే. పగడమునకు ఎముక కట్టుటకు కాల్షియముతోపాటు ఈ క్షారతయు కావలెను. క్షారత ఒక మిల్లీ ఈక్వివలెంటు ఖర్చయినపుడు కాల్షియము 20 మిల్లీగ్రాములు ఖర్చగును. సున్నపు తేట ఈ రెండింటిని సరిగా ఆ పాళ్లలోనే తిరిగి ఇచ్చును. ఏలననగా పగడము కట్టునదియు, బట్టీలో కాల్చునదియు ఒక్కటే రాయి. అందువలన ఎంతకాలము పోసినను ఒకటి పెరిగి ఒకటి తరుగుట యుండదు. కాల్షియము క్లోరైడు ఒకవైపు, వంటసోడా ఒకవైపు వేరువేరుగా పోయు పద్ధతియు కలదు. దానిలో ఉప్పు మిగిలిపోవును, లెక్క తప్పుటకు అవకాశము ఎక్కువ.

లీటరు నీటిలో గ్రామున్నరకు కొంచెము మించి మాత్రమే సున్నము కరుగును. ఇంకను విచిత్రము, ఉప్పు, చక్కెరలవలె గాక ఇది చల్లని నీటిలోనే ఎక్కువ కరుగును. మిగిలినదంతయు అడుగున దిగును. పై తేట యొక్క పి.హెచ్. 12 దాటును. అందుచేతనే అది మందును అగును, విషమును అగును. లీటరు తేటలో కాల్షియము సుమారు 800 మిల్లీగ్రాములు. నూరు లీటర్ల తొట్టిలో దినమునకొక లీటరు పోసినచో లీటరుకు 8 మిల్లీగ్రాములు మాత్రమే చేరినట్లు. నేను పోసినది తేట కాదు, కుండ కలియబెట్టిన పాలు. దానిలో కరుగని సున్నము ఎన్నిరెట్లుండెనో తలచుకొనిన ఇప్పటికిని సిగ్గగుచున్నది.

సరియైన పద్ధతి యిది. లీటరుకు రెండు గ్రాముల చొప్పున శుభ్రమైన సున్నము కలిపి మూతపెట్టి రాత్రియంతయు కదలింపక యుంచవలెను. మూత లేకున్న గాలి తగిలి పైన మీగడవంటి పెచ్చు కట్టును. అది మరల రాయి యగుటయే. తాంబూలపు కాయలో సున్నముపై నీళ్లు నిలుపు మన ముసలమ్మలు ఈ సంగతి ఎరిగినవారే. తేటను మాత్రము తీసి, శివలింగముపై ధారాపాత్రవలె తొట్టికి పైన అమర్చి, బొట్టుబొట్టుగా విడువవలెను. తొట్టిలో ఆవిరియై పోయిన నీటికి బదులుగానే పోయవలెను, అంతకు మించరాదు. పి.హెచ్. 8.5 దాటినచో ఆపవలెను. పోయువేళ రాత్రి. పగలు నాచు వెలుతురులో బొగ్గుపులుసు గాలిని తినుటవలన పి.హెచ్. తనంతట లేచును, రాత్రి అన్నియు శ్వాసించుటయే కాని తినుట లేదు కాబట్టి పడును. బజారులో గోడలకు అమ్ము సున్నము పనికిరాదు. తాంబూలపు సున్నములోను రంగు, వాసన కలిపినవి యుండును.

చాళు ఖోలీలో మరియొక చిక్కు కలదు. ఏ జర్మను గ్రంథమునందును దీనిని ఈ రూపమున ఊహించియుండరు. వెలుపలి గాలిలో బొగ్గుపులుసు గాలి పదిలక్షల పాళ్లకు 420 ప్రాంతమున నుండగా, ఆరేడుగురు పడుకొని తలుపు మూసికొన్న గదిలో వేయి దాటుట సులభము. అది నీటిలో కరిగి పి.హెచ్.ను దించును. మా కుర్రవాని తొట్టి తెల్లవారుజామున 7.7 చూపుటకు ముఖ్యకారణము ఇదియే కాని నీటి దోషము కాదు. గాలిపంపు గొట్టమును కిటికీ వెలుపలికి పెట్టినపిదప 7.9కి లేచినది. వర్షాకాలమున కిటికీ మూయుదురు, గాలిలో తేమ వలన తొట్టినీరు ఆవిరియగుటయు తగ్గును, కాబట్టి పోయదగిన తేటయు తగ్గును. అవసరము ఎక్కువైనపుడే అవకాశము తక్కువ. ఆ మూడు నెలలు వాడు వంటసోడా పద్ధతిని కొంత కలిపికొనుచున్నాడు.

ఈ తొట్టిలో పగడము లేదు. ఉండరాదు కూడ. దిబ్బలు కట్టు పగడములను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో చేర్చిరి. మన సముద్రమునుండి వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. దొంగచాటుగా ఎవరైన ముక్క చేతిలో పెట్టినచో తీసికొనవలదని మన యువకులకు గట్టిగా చెప్పుచున్నాను. చట్టమునకు ముందు జరిగినది తెలిసికొనిన దీని కారణము బోధపడును. మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి పొంత అనేక దశాబ్దములు పగడపు దిబ్బలను పెకలించి ఇండ్లకు రాయిగాను, బట్టీలకు సున్నపురాయిగాను వాడిరి. కచ్ సింధుశాఖలో సిమెంటుకై పగడపు ఇసుకను త్రవ్విరి. గోడకు సున్నము కావలసి పగడమును కాల్చిన చేతులును, పగడమును నిలుపుటకు సున్నము పోయు చేతులును మనుష్యులవే. కామాటీలు పగడమును కాల్చిరని నేననుట లేదు. మన విద్య నిర్దోషమని గర్వించుట మాత్రము నాకు చేతకాదు.

పగడములు మనకు దూరముగా లేవు. తీరపు రోడ్డు కొరకు 2020లో వర్లీ, హాజీ అలీ రాళ్లనుండి 18 పగడపు సంఘములను అనుమతితో ఊడదీసి వేరుచోట నాటిరి. అనగా కామాటిపురపు నేలను ఆర్చిన ఆ పాత కట్ట ప్రక్కనే, ఇంత మురుగునీటి నడుమ, చిన్న పగడములు రాళ్లనంటి బ్రతుకుచున్నవి. మన పేటవారు హాజీ అలీకి గాలికి పోయి కూర్చుండు చోటు అది. బొగ్గు, నూనె మండించుటవలన గాలిలో చేరిన బొగ్గుపులుసు గాలి సముద్రములోను కరుగుచుండుటచే, పారిశ్రామిక యుగమునకు ముందు సుమారు 8.2 ఉండిన సముద్రపు పి.హెచ్. 8.1కి దిగినది. చూచుటకు చిన్న అంకెయే. కాని ఆ మానములో ఒక్క అంకెకు పదిరెట్ల భేదము కాబట్టి ఆమ్లత పావువంతు పైగా పెరిగినదని అర్థము. మా ఖోలీలో కిటికీ తెరచి 7.7ను 7.9 చేయగలిగితిమి. సముద్రమునకు అట్టి కిటికీ లేదు.

కామాటిపురపు చాళులను పడగొట్టి కొత్తవి కట్టు ఏర్పాట్లను గూర్చి చాలకాలముగా వినుచున్నాము. పడగొట్టుటకు ముందే ఆ గోడల గచ్చును చూచి, ఏ పాళ్లలో ఏమి కలిపిరో వ్రాసికొనవలసిన పని యున్నది. సున్నపు పని చేసిన ముసలివారు ఏ గల్లీలోనైన మిగిలియున్నచో వారి మాటలను, ముఖ్యముగా పనిముట్ల పేళ్లను, పాళ్లను సేకరించి సంఘమునకు పంపవలసినదిగా పాఠకులను వేడుచున్నాను. నాకు దొరికిన మాటలు పైని చెప్పినవే, చాల కొలది.

తొట్టిలో చేపలు మరల చేరినవి, ఈసారి రెండు. నాచు గులాబివన్నె తిరిగి రాళ్లనంచులనుండి ప్రాకుచున్నది. ధారాపాత్రకు వాడు ఆసుపత్రి సెలైను గొట్టమును అమర్చినాడు. మా తాతగారి తాపీ ఆ గోడకే తగిలించి యున్నది. సున్నము కలుపుటకు దానిని వాడవచ్చునా యని మొన్న వాడడిగెను. ఇనుపతుప్పు నీటిలో దిగరాదు, ప్లాస్టికు చెంచా వాడుమని చెప్పితిని.